వాతావరణ పరిశీలన కేంద్రము – సేద్యమునకును, విద్యకును దాని ఉపయోగములు

మానవుడు ఎంత విజ్ఞానము సంపాదించినను అతని అన్నము నేటికిని ఆకాశముపైననే ఆధారపడియున్నది. కృష్ణా డెల్టాలో నివసించు మనకు ఈ సత్యమును వేరొకరు చెప్పవలసిన పని లేదు. కొల్లిపర ప్రాంతమున ఒకవైపు కాలువల క్రింద వరిపొలములు, మరియొకవైపు కృష్ణ ఒడ్డున లంకభూములలో అరటి, పసుపు, కంద తోటలు కలవు. వాన తక్కువైనను కష్టమే, ఎక్కువైనను కష్టమే. వేళ తప్పి కురిసినచో మరింత కష్టము. అట్టి వానను, గాలిని, ఎండను కొలిచి లెక్క వ్రాయు స్థలమే వాతావరణ పరిశీలన కేంద్రము. అది ఎట్లు పనిచేయును? మనవంటి కళాశాలకును, చుట్టునున్న గ్రామములకును దానివలన కలుగు మేలు ఏమి? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

పూర్వ చరిత్ర

వానను కొలుచుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. ధాన్యాగారమునందు ఒక అరత్ని, అనగా సుమారు ఒక మూర, వెడల్పు మూతి గల కుండను వర్షమాపకముగా ఉంచవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. ఏ ప్రాంతమున ఎంత వాన పడునో తెలిసికొని దానిని బట్టి విత్తనములు చల్లించుట సీతాధ్యక్షుని విధి. కొరియా దేశమున సేజోంగ్ రాజు కాలములో, 1441 ప్రాంతమున, వర్షమాపకములను చేయించి రాజ్యమంతట నెలకొల్పిరి.

ఉర్దూలో మనము నిత్యము వాడు ‘మౌసమ్’ అను మాటయు, భూగోళ పాఠములలో చదువు ‘మాన్‌సూన్’ అను మాటయు ఒకే అరబ్బీ పదమునుండి పుట్టినవి. దాని అర్థము ఋతువు, తగిన కాలము. హిందూ మహాసముద్రముపై ఏ దినములలో ఏ గాలి వీచునో, ఎప్పుడు ఓడ విప్పవలెనో 15వ శతాబ్దపు అరబ్బు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ తన గ్రంథములో వివరించెను. రైతుకు వాన వలెనే నావికునకు గాలి జీవనాధారము. ఇరువురును పరిశీలననే నమ్ముకొనిరి.

తెలుగునాట ఈ కృషికి మార్గదర్శకుడు గోడే వెంకట జగ్గారావుగారు. వారు మద్రాసు నక్షత్రశాలలో టి. జి. టేలర్ వద్ద శిక్షణ పొంది, 1840లో విశాఖపట్టణమున తమ డాబాతోటలో స్వంత పరిశీలనశాలను స్థాపించిరి. వారి అనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పనిని కొనసాగించిరి. ప్రభుత్వపు భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడుటకు ముప్పదియైదు సంవత్సరములకు పూర్వమే ఒక తెలుగువాడు తన తోటలో ఇట్టి పరిశీలనశాలను నడిపెనన్నది మనము గర్వింపదగిన విషయము.

పరికరములు – అవి పనిచేయు విధము

వర్షమాపకములో పడిన నీటి లోతును మిల్లీమీటర్లలో కొలుతురు. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడినచో అది ఒక లీటరు నీరు. ఒక ఎకరము సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక, ఎకరముపై ఒక మిల్లీమీటరు వాన అనగా సుమారు నాలుగు వేల లీటర్లు. ప్రతి ఉదయము 8–30 గంటలకు, గడచిన ఇరువదినాలుగు గంటల వానను కొలుచుట మన దేశపు నియమము. అట్లు కొలిచినది 2.5 మిల్లీమీటర్లైనను ఉన్నచో దానిని ‘వర్షదినము’గా లెక్కింతురు, 64.5 మిల్లీమీటర్లు మొదలు 115.5 వరకు ‘భారీ వర్షము’; 204.5 మొదలు ‘అత్యంత భారీ వర్షము’.

ఉష్ణమాపకములను ఎండ నేరుగా తగులని, గాలి ఆడు, తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో ఉంచుదురు. దీనిని రూపొందించినవాడు స్కాట్లండు దేశపు ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్. అందులోని ఒక ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టియుందురు. గాలి పొడిగా ఉన్నకొలది తడి త్వరగా ఆవిరియై ఆ బుడ్డి చల్లబడును. పొడి బుడ్డికిని తడి బుడ్డికిని గల వ్యత్యాసమును బట్టి గాలిలోని తేమ శాతమును గణింతురు. గాలి వేగమును గిన్నెల చక్రముతోను, దిశను బాణపు గుర్తుతోను, వాయుపీడనమును భారమితితోను కొలుతురు.

నేటి స్వయంచాలక కేంద్రములలో ఈ పనులన్నియు విద్యుత్పరికరములు చేయును. వర్షమాపకములో ఒక చిన్న తూము తొట్టి ఉండి, నిర్ణీత పరిమాణము నిండగానే ఒరిగి లెక్క వేయును. సౌరఫలకము విద్యుత్తు నిచ్చును. అంకెలు తంతిలేకయే దూరమునకు చేరును. ఆంధ్రప్రదేశ్‌లో మండలములందు ఇట్టి కేంద్రములు పనిచేయుచున్నవి. స్వాతంత్ర్యానంతరము మన దేశములోనే ఈ పరికరములు తయారగుటకు పూనాలో కృషి చేసి, సుమారు నూరు పరికరముల నమూనాలను ప్రమాణీకరించిన శాస్త్రవేత్త అన్నా మణి (1918–2001). విద్యార్థినులు ఆమె పేరును జ్ఞాపకముంచుకొనదగును.

సేద్యమునకు ఉపయోగము

పురుగుమందు చల్లిన కొలది గంటలకే వాన కురిసినచో మందును, కూలియును నీటిపాలగును. గాలి బలముగా వీచువేళ చల్లినచో మందు ప్రక్క పొలమునకు పోవును. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల ప్రాంతమునకు దిగి, తేమ 90 శాతమును మించి, మంచు కురియు దినములు కొనసాగినచో వరికి అగ్గితెగులు సోకు ప్రమాదము హెచ్చును. ఉడికించిన పసుపు కళ్లములలో ఆరుటకు పది పదిహేను దినములు పట్టును. ఆ నడుమ తడిసినచో రంగు చెడి ధర పడిపోవును. ఇట్టి ప్రతి సందర్భమునందును రైతునకు కావలసినది తన పొలము దాపున ఉన్న గాలి, తేమ, వానల లెక్క. జిల్లాకంతకు ఒకే మాటగా వచ్చు సూచన ఆ లెక్కతో కలిసినప్పుడే నిర్ణయముగా మారును.

2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినది. అది వరికోతల కాలము. పొలములో పనలుగా పరచిన పంట నీట మునిగినచో గింజ మొలకెత్తును. నీరు తీసివేసి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున ఉప్పు కలిపిన ద్రావణమును పనలపై చల్లినచో మొలకను కొంతవరకు ఆపవచ్చునని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని కోత కోయవలెనా, రెండు దినములు ఆగవలెనా అను నిర్ణయము అంతకు ముందే జరుగవలెను. ఆ రెండు దినముల విలువ ఒక సంవత్సరపు కష్టము.

తుపానుల పాఠము

మన తీరము చూచిన ఘోరములు చిన్నవి కావు. 1864 నవంబరులో మచిలీపట్టణమును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టి, రేపల్లె, నిజాంపట్నం తీరమును కూడ అతలాకుతలము చేసినది. మృతులు పదివేలమంది వరకు ఉందురు. 1990 మే 9వ తేదీన దాదాపు అంతటి తీవ్రతగల తుపాను కృష్ణా ముఖద్వారము దాపుననే తీరము దాటినప్పుడు మృతుల సంఖ్య వేయికి లోబడినది. ఈ నడుమ ఉపగ్రహ చిత్రములు, రాడారు, హెచ్చరికలు మెరుగుపడినవి. లక్షలాది ప్రజలను ముందుగా తరలించిరి. కొలతకును, కొలిచిన దానిని సకాలమున ప్రజలకు చెప్పుటకును గల విలువ ఈ రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో తెలియును.

ప్రమాదము సముద్రమునుండియే రానక్కరలేదు. 2024 సెప్టెంబరు 2వ తేదీన ప్రకాశం బ్యారేజి వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైనది. దిగువనున్న లంకలవారికి ఎగువన పడు ప్రతి వాన లెక్కయు ఒక కబురు వంటిది.

బీమా – అంకెల నిజాయితీ

2016 నుండి దేశములో అమలులోనున్న వాతావరణ ఆధారిత పంటల బీమా విధానములో పరిహారము నిర్ణయించునది పొలములోని నష్టము కాదు, నిర్దేశించిన కేంద్రములో నమోదైన అంకె. వర్షమాపకముపై చెట్టుకొమ్మ వాలియున్నను, దాని తూము ఆకులతో పూడియున్నను, పడిన వాన తక్కువగా కనిపించును. ఎందరో రైతులకు న్యాయము తప్పును. అందుచేత చుట్టునున్న చెట్టుకు, గోడకు వాని ఎత్తునకు కనీసము రెండింతల దూరములో, బయలులో పరికరము నుండవలెను. ఒక దినము లెక్క చూడనిచో ఆ గడిని ఖాళీగా విడువవలెను. ఊహించి వ్రాసిన అంకె ఖాళీగడికంటె హానికరము.

సృజనాత్మక ఉపయోగములు

ఈ కేంద్రము విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు మాత్రమే అనుకొనుట పొరపాటు. గణితము చదువువారు సగటులు, రేఖాచిత్రములు వేయవచ్చును. చిత్రకళయందు అభిరుచి గలవారు ఏ దిక్కునుండి ఎన్ని దినములు గాలి వీచెనో తెలుపు పవనచిత్రమును పువ్వు ఆకృతిలో గీసి గోడపై పెట్టవచ్చును. చరిత్ర విద్యార్థులు 1977 నాటి ఉప్పెనను చూచిన వృద్ధుల జ్ఞాపకములను వ్రాసికొని, నాటి వాన లెక్కలతో జతపరుపవచ్చును. సాహిత్య విద్యార్థులు దినచర్య వ్రాయునప్పుడు ఆనాటి వాన, గాలి కొలతలను పైన వేసికొన్నచో వర్ణనకు నిజము తోడగును.

మన రైతులు కార్తెలను బట్టి సేద్యము చేయుదురు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని సామెత. మృగశిర ప్రవేశించినచో చల్లబడునని నమ్మకము. పది సంవత్సరములు కార్తెలవారీగా ఉష్ణోగ్రతను, వానను లెక్కించినచో పెద్దల మాట ఎంతవరకు నిలుచునో మన విద్యార్థులే తేల్చవచ్చును. ఇది సామెతను ఎగతాళి చేయుట కాదు. దానిని గౌరవముతో పరీక్షించుట.

వాయుపీడనము ప్రతిదినము ఉదయము, రాత్రి 10 గంటల ప్రాంతమున హెచ్చి, 4 గంటల ప్రాంతమున తగ్గుట మన దేశములో సహజము. ఈ లయను ఒక నెల గుర్తించిన విద్యార్థి, అది చెడి పీడనము ఎడతెగక పడిపోవుచున్న దినమున ఏదో వచ్చుచున్నదని తానే గ్రహించును. ఐనను ప్రజలకు హెచ్చరిక చేయు అధికారము వాతావరణ శాఖదే. మన అంకెలు ఆ హెచ్చరికను అర్థము చేసికొనుటకే గాని దానికి బదులుగా కాదు.

కమిటీవారికి మనవి

కళాశాల ఆవరణలో, మేడపై గాక నేలపై, చెట్లకు దూరముగా కొద్దిపాటి స్థలము కేటాయించి, మొదట ఒక వర్షమాపకమును, ఉష్ణమాపకముల పెట్టెను, గాలి దిశ చూపు గుర్తును అమర్చిన చాలును. ఆదివారము, సెలవుదినము అను భేదము లేక వంతులవారీగా ఇద్దరేసి విద్యార్థులు ఉదయము 8–30 గంటలకు లెక్క చూడవలెను. ద్వారము వద్ద ఒక పలకపై ఉర్దూలోను, తెలుగులోను ఆనాటి వాన, వేడిమి, గాలి వ్రాసినచో పొలమునకు పోవు రైతును, పసుపు ఆరబెట్టు ఇల్లాలును చదువుకొందురు. స్వయంచాలక పరికరమును తరువాత సమకూర్చుకొనవచ్చును. లెక్క వ్రాయు అలవాటు ముందు ఏర్పడవలెను.

జగ్గారావుగారి పని ఒక తోటలో మొదలైనది. మన పని ఒక పుస్తకముతోను, ఒక కొలపాత్రతోను మొదలు కాగలదు. నేడు చేరిన విద్యార్థి మొదటి అంకె వ్రాసినచో, పది సంవత్సరముల తరువాత చేరు విద్యార్థి దానిని తీసి చూచి, ఈ ఊరి ఆకాశమును గురించి నిజము చెప్పగలడు.