రెండు వేళ్లతో క్లచ్ పట్టాలంటే

ప్రశ్న: పవర్‌లూమ్‌లో పడి నా ఎడమచేతి చిటికెన, ఉంగరపు వేళ్లు దెబ్బతిన్నాయి. బైక్ క్లచ్ నొక్కలేకపోతున్నాను. హైడ్రాలిక్ క్లచ్ పెట్టించి మగ్గం నూనె పోయవచ్చా? – ఓ పాఠకుడు, కొంతం చౌక్, సోలాపూర్

జవాబు: మగ్గం నూనె ఒక్క చుక్క కూడా వద్దు తమ్ముడూ! డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ వాడే సిస్టంలో అది పడితే రబ్బరు సీళ్లు ఉబ్బి, క్లచ్ పనిచేయదు. మాస్టర్ సిలిండర్ మూత మీద ఏది రాసి ఉంటే అదే పోయాలి. డాట్ 5 సిలికాన్‌ది, డాట్ 4తో కలపకూడదు. డాట్ 4 గాలిలో తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఎప్పుడో మూత తీసిన డబ్బా పనికిరాదు.

అయితే ముందు కొత్త కేబుల్, దూరం సర్దుకునే లీవర్ వేయించు. లీవర్ బిగింపును హ్యాండిల్ మధ్యవైపు కాస్త జరిపిస్తే చూపుడు, మధ్య వేళ్లు లీవర్ కొస మీద పడతాయి. తక్కువ బలం చాలు. హైడ్రాలిక్ పెట్టించినంత మాత్రాన లీవర్ బరువు తగ్గదు, పిస్టన్ల సైజులు కుదరాలి. గేర్లులేని స్కూటర్‌కైతే ఈ క్లచ్ బాధే ఉండదు, కానీ ఎడమ బ్రేక్ పట్టగలవో లేదో చూసుకో. బండిలో మార్పులు చేయించేముందు ఆర్టీవోలో అడుగు.