ఖాళీలో తెలుగు పేరు

ఫెస్ట్ అయ్యాక 200 సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో ప్రింటుకి ఆర్డర్ పెట్టే పద్ధతి తేలికే. మారని భాగాన్ని, అంటే బోర్డరు, లోగో, సంతకాలను ఒకసారి డిజైన్ చేసి లాక్ చేస్తాం. పేరు, బ్రాంచి, పోటీ, బహుమతికి ఖాళీ పెట్టెలు వదులుతాం. ఎక్సెల్ షీటులోని వరసలు ఒక్కొక్కటే వచ్చి ఆ పెట్టెల్లో కూర్చుంటాయి. దీన్నే డేటా మెర్జ్ అంటారు. ఇంగ్లీషు సర్టిఫికెట్‌కి ఇంతే. తెలుగులో చేద్దామంటే మాత్రం డిజైన్ తెరవకముందే వాక్యం దగ్గర ఆగాలి.

మనకి మొదట తట్టే వాక్యం: "______కు ఈ ప్రశంసాపత్రం అందజేస్తున్నాం." ఆ ఖాళీలో పేర్లు పెట్టి చూడండి. సీతకు, బాగానే ఉంది. రవికు? రవికి అనాలని మన నోరే చెబుతుంది. సాఫ్ట్‌వేర్‌కి ఆ నోరు లేదు కదా! సరే, చివర ఇకారం ఉంటే 'కి' అని ఫార్ములా రాశామనుకోండి. అప్పుడు సుబ్రహ్మణ్యం వస్తాడు. సుబ్రహ్మణ్యానికి అనాలంటే పేరు చివరే మారిపోవాలి.

అందుకే విభక్తిని పేరుకి అతికించకండి. 'గారికి' అని పెడితే ఈ గొడవ ఉండదు: సీత గారికి, రవి గారికి, సుబ్రహ్మణ్యం గారికి. తోటి స్టూడెంట్‌ని గారు అనడం మరీ పెళ్లి శుభలేఖలా అనిపిస్తే, పేరుని వాక్యంలోంచి బయటికి తీసి, ఒక వరసలో పెద్ద అక్షరాల్లో విడిగా నిలబెట్టండి. నాకైతే ఇదే నచ్చుతుంది. దాని కింద "వ్యాసరచన పోటీలో ప్రథమ బహుమతి గెలుచుకున్నారు" అని రాస్తే గెలుచుకున్నాడా, గెలుచుకుందా అన్న చిక్కూ ఉండదు. 'పోటీలో' అన్న మాట టెంప్లేట్‌లోనే ఉంచండి, పోటీ పేరు మాత్రం మారుతుంది.

ఇక పెట్టె కొలత. వేంకట సత్యసూర్యనారాయణమూర్తి పడతాడా లేదా అని పొడుగు పేరుతో అందరూ చూస్తారు. లోతు పేరు సంగతి ఎవరికీ గుర్తుండదు. జ్యోత్స్న చిన్న పేరే, కానీ త మీద ఆధారపడి స, న రెండు వత్తులు కిందికి దిగుతాయి. పెట్టె ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకి సరిపడా మాత్రమే ఉంటే అవి తెగిపోవచ్చు, కింది వరస గుడుల మీద కూడా పడొచ్చు.

ఫాంటు యూనికోడ్‌దే వాడండి. డీటీపీ సెంటర్లలో చాలాకాలంగా ఉన్న అను ఫాంట్ల కోడింగ్ వేరు, గూగుల్ ఫారంలో వచ్చిన పేర్లు వాటిలో పనిచేయవు. మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ వద్దు, యూటీఎఫ్-8 అని ఉన్నది ఎంచుకోండి. లేకపోతే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వస్తాయి. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయాలి, అప్పుడే వత్తులు వాటి చోట కూర్చుంటాయి.

ప్రింటు సంగతులు మామూలే: ఏ4 అంటే 210×297 మిల్లీమీటర్లు, నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ కలిపితే 216×303. ఫొటోలు 300 డీపీఐ. పీడీఎఫ్‌లో ఫాంట్లు ఎంబెడ్ చేయండి.

పేర్లని మాత్రం ఇంగ్లీషు లిస్టు నుంచి మీరే తెలుగులోకి మార్చకండి. శ్రావణి స్రావణి అయిపోతుంది, కిరణ్‌కుమార్ కిరణ్కుమార్ అయిపోతాడు. ఎవరి పేరు వాళ్లనే తెలుగులో టైపు చేయమనండి. ఆర్డర్ నొక్కేముందు ప్రివ్యూ పీడీఎఫ్ గ్రూపులో పెట్టి, ఒక రాత్రి ఆగండి.