కొత్త తేనెటీగల పెట్టె – మొదటి నెల



మన హాస్టల్లో చదువుకుని వెళ్ళిన మాలో చాలామందికి సెంటు భూమి లేదు. తేనెటీగలకు సొంత భూమి అక్కరలేదు. చెట్టునీడ, చుట్టుపక్కల పూలు, దగ్గర్లో నీళ్ళు ఉంటే చాలు. అందుకే మేము కొందరం రెండేసి పెట్టెలతో మొదలుపెట్టాం. తేనె ఎలా తీయాలో చెప్పేవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు. పెట్టె తెచ్చిన మొదటి నెలలో ఏం చేయాలో చెప్పేవాళ్ళే తక్కువ. ఆ నెలలో ఈగలు లేచిపోతే మనకు మిగిలేది ఖాళీ పెట్టె, దాని మీద చేసిన అప్పు.

పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టు పెట్టే మన దేశవాళీ ఈగ గురించే ఇక్కడ రాస్తున్నాం. దీనికి ఒక స్వభావం ఉంది. తిండి లేకపోయినా, చీమలు బాధించినా, మనిషి మాటిమాటికీ కదిలించినా పట్టు వదిలి గుంపుగా వెళ్ళిపోతుంది. కాబట్టి మొదటి నెల పని రెండే మాటలు: తిండి పెట్టడం, అతిగా కదిలించకుండా చూసుకోవడం.

కొత్త పెట్టెలో చేరిన ఈగలు ముందుగా మైనంతో గదులు కట్టుకోవాలి. ఆ మైనం ఈగ ఒంట్లోంచే ఊరుతుంది. అందుకు చాలా తీపి ఖర్చవుతుంది. బయట పూలు తక్కువగా ఉంటే మనమే పంచదార నీళ్ళు ఇవ్వాలి. ఒక గ్లాసు నీళ్ళు మరిగించి, పొయ్యి మీంచి దించాక ఒక గ్లాసు పంచదార వేసి కలపాలి. పొయ్యి మీదే ఉంచి పాకం పడితే పంచదార మాడుతుంది, మాడినది ఈగలకు పడదు. బెల్లం అసలు వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి. బజారు తేనె కూడా పెట్టకూడదు, దాంతో జబ్బులు రావచ్చు.

చల్లారిన నీళ్ళను చిన్న జాము సీసాలో నిండా పోసి, మూతకు సన్నమేకుతో నాలుగైదు చిల్లులు పొడిచి, పెట్టె లోపల చట్రాల మీద బోర్లించాలి. నీళ్ళు కారిపోవా అని మాలో ఒకడు అడిగాడు. కారవు. బయటి గాలి పీడనం వాటిని ఆపుతుంది, తొమ్మిదో తరగతిలో చదివిందే! ఈగలు చిల్లుల దగ్గర నాలుక పెట్టి పీల్చుకుంటాయి. రోజు విడిచి రోజు, చీకటి పడ్డాక, ఉన్న అన్ని పెట్టెలకూ ఒకేసారి ఇవ్వాలి. పగలు పెట్టినా, చుక్క బయట ఒలికినా పక్క పెట్టెల ఈగలు వాసన పట్టి దోపిడీకి దిగుతాయి. కొత్త పెట్టెలో బలం తక్కువ, ఎదిరించలేదు.

ఇక చూసుకోవడం. వార్డెన్ గారు రాత్రికి నాలుగుసార్లు లైటు వేసి లెక్కపెడితే మనకు నిద్ర పడుతుందా? ఈగలదీ అదే బాధ. మొదటి ఆరేడు రోజులు మూత పూర్తిగా ఎత్తి చట్రాలు తీయవద్దు. సీసా మార్చి వచ్చేయాలి. పొద్దున్నే ద్వారానికి ఒక పక్కన కూర్చుని చూడండి. ఈగలు కాళ్ళకు పసుపు పుప్పొడి ముద్దలు అంటించుకుని వస్తుంటే లోపల పిల్లల్ని పెంచుతున్నాయని ఆశపడవచ్చు. రాణి బయటికి పోకుండా ద్వారానికి పెట్టే గేటును పట్టు కట్టి గుడ్లు పెట్టేదాకా ఉంచి, తర్వాత తీసేయాలి.

వారం దాటాక ఎండగా, గాలి లేకుండా ఉన్న రోజు తొమ్మిది, పది గంటలప్పుడు పెట్టె తెరవాలి. ముసుగు వేసుకుని, కొబ్బరి పీచు పొగ కొద్దిగా పట్టాలి. చట్రాన్ని పెట్టె మీదే నిలువుగా పట్టుకుని చూడాలి. అడ్డంగా తిప్పితే కొత్త పట్టు లేతగా ఉండి విరిగి పడుతుంది. అందరూ రాణి కోసం వెతికి అరగంట వృథా చేస్తారు. రాణి కనపడనక్కర్లేదు. గదుల అడుగున తెల్లటి దారపు ముక్కల్లా గుడ్లు కనిపిస్తే చాలు. గుడ్డు మూడు రోజుల్లో పిల్లపురుగవుతుంది కాబట్టి మూడు రోజుల కిందటి దాకా రాణి ఉన్నట్టే లెక్క. చట్రాలను అదే వరుసలో పెట్టి పది నిమిషాల్లో మూసేయాలి. తర్వాత వారానికోసారి చాలు.

గుడ్లు లేవు, తీపి నిల్వ లేదు, పుప్పొడి రావడం తగ్గింది అంటే ఈగలు ప్రయాణం కడుతున్నాయని అనుమానించాలి. వెంటనే పంచదార నీళ్ళు పెంచి, కారణం వెతకాలి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఎండిపోయి చీమలు ఎక్కుతున్నాయా? అడుగు పలక మీద మైనపు పురుగు గూడు అల్లిందా? ఎండ నేరుగా పడుతోందా? పిల్లపురుగులు నీళ్ళ సంచుల్లా ఉబ్బి చచ్చి ఉంటే అది థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ జబ్బు కావచ్చు. 1991-92లో దక్షిణాదిన దేశవాళీ ఈగల్ని ఊడ్చిపెట్టింది అదే. దానికి మందు లేదు. ఆ పెట్టె చట్రాలు వేరే పెట్టెలో పెట్టకూడదు.

కుట్టడం మామూలే. ముల్లును వెంటనే గోటితో గీకి తీసేయాలి. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పూలు బాగా విచ్చి, ఈగలు సీసాను ముట్టుకోవడం మానేస్తే పంచదార నీళ్ళు ఆపేయాలి. తేనె కోసం పై అర పెట్టేది ఆ తర్వాతే. ముందే పెడితే ఆ అరలో చేరేది మనం పోసిన పంచదారే, దాన్ని తేనె అని అమ్మడం మోసం.