జ్వరం పుంగనూరులోనే వస్తుంది

అమ్మణ్ణీ,

కుప్పంలో నర్సింగ్ ముగించి, క్యాన్సర్ వచ్చిన పిల్లల సేవలో ప్రత్యేక శిక్షణ తీసుకుంటానని రాశావు. మంచి మాట. ఆ చదువు వెల్లూరు, బెంగళూరుల్లోనే అక్కరకొస్తుంది, మన ఊళ్లకొస్తే వృథా అని నీ స్నేహితురాళ్లు అన్నారట. ఈ ఉత్తరం ఆ మాట గురించే.

మన వైపు బిడ్డకు లుకేమియా అని తేలితే తల్లిదండ్రులు వెల్లూరు సీఎంసీకో, బెంగళూరు కిద్వాయికో, 2022లో తిరుపతిలో తెరిచిన టాటా వారి క్యాన్సర్ ఆసుపత్రికో పరుగెత్తుతారు. వైద్యం అక్కడే. కానీ అది రెండు మూడేళ్లు సాగుతుంది, అందులో ఎక్కువ రోజులు బిడ్డ గడిపేది ఇంట్లోనే. కీమో ఎక్కించుకొచ్చిన వారం పది రోజులకు తెల్లకణాలు అడుగంటుతాయి. జ్వరం అప్పుడొస్తుంది. అది మన పుంగనూరులోనే వస్తుంది, చాలాసార్లు అర్ధరాత్రి పూట.

మామూలు బిడ్డకైతే పారాసిటమాల్ ఇచ్చి పొద్దున్నే రమ్మంటారు. ఈ బిడ్డకు అలా కుదరదు. గంటలోపు నరానికి యాంటీబయాటిక్ పడాలి. ఎక్కడా ఎర్రబడలేదు, చీము పట్టలేదు అని ధైర్యపడడానికీ లేదు. చీము పట్టాలన్నా తెల్లకణాలు ఉండాలి కదా! జ్వరం చూడడానికి మలద్వారంలో థర్మామీటరు పెట్టకూడదు, అక్కడ చిన్న గీత పడినా క్రిములు రక్తంలోకి పోతాయి. ఇవి తెలిసిన నర్సు ఆ రాత్రి డ్యూటీలో ఉంటే డాక్టరును లేపి, మొదటి డోసు పడ్డాకే బిడ్డను అంబులెన్సు ఎక్కిస్తుంది. తెలియని నర్సు ఉంటే ఆ గంట రోడ్డు మీదే గడిచిపోతుంది.

పెద్దాసుపత్రి వార్డులో పని వేరు. అక్కడ ముందు లెక్కలు రావాలి. కీమో మోతాదును ఎక్కువగా ఒంటి వైశాల్యాన్ని బట్టి కడతారు. సెంటీమీటర్లలో ఎత్తును కిలోల బరువుతో గుణించి, 3600తో భాగించి, వర్గమూలం తీయాలి. 110 సెంటీమీటర్లు, 18 కిలోల బిడ్డకు అది 0.74 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 1.5 మిల్లీగ్రాముల చొప్పున విన్‌క్రిస్టిన్ రాస్తే 1.1 మిల్లీగ్రాములు. బిడ్డ చిక్కి 15 కిలోలకు దిగితే అది 1 మిల్లీగ్రాముకు తగ్గుతుంది. పాత కేస్‌షీటులోని బరువునే దించేస్తే లెక్క తప్పినట్టే. అందుకే ఇద్దరు నర్సులు విడివిడిగా కట్టి, సరిపోల్చుకున్నాకే మందు ఎక్కించాలి.

అదే విన్‌క్రిస్టిన్ నరం పక్కకు కారితే కండ దెబ్బతింటుంది. పొరపాటున వెన్నులోకి పోతే దాదాపు ఎప్పుడూ ప్రాణమే పోతుంది. వెన్నులోకి ఇచ్చే మందు వేరు, కాని రెండూ ఒకే రోజు పడే సందర్భాలున్నాయి. సిరంజీలు తారుమారై పలు దేశాల్లో మరణాలు జరిగాయి. ఈ మందును సిరంజీలో కాక చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో హెచ్చరించింది. సంచిని వెన్నుకు తగిలించాలని ఎవరికీ తోచదు. ఎంత తెలివైన ఉపాయమో చూడు.

ధనిక దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతమైనా బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2018లో లక్ష్యం పెట్టింది. ఆలస్యంగా తేలడం, ఇన్‌ఫెక్షన్లు, చికిత్స మధ్యలో మానేయడం మన దగ్గర పిల్లలను తీసుకుపోతున్నాయి. ఈ మూడింటిలోనూ నర్సు చేయగలిగింది ఉంది. ఇంకో మాట, నీలా కుప్పంలో చదివిన అమ్మాయిలకు తమిళం, కన్నడం చెవిన పడుతూనే ఉంటాయి. వెల్లూరులో అయోమయంగా నిలబడ్డ తెలుగు తల్లికి అలాంటి నర్సు దొరకడం మందంత మేలు.

ఒక జబ్బు కోసం ప్రత్యేకంగా నేర్చుకోవడం మన నేలకు కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం పుట్టిందే క్షయ కోసం. డెన్మార్క్ డాక్టరు ఫ్రిమోట్ మోలర్ నడిపిన ఆ శానిటోరియానికి దేశం నలుమూలల నుంచీ రోగులొచ్చారు. 1948లో దేశంలో బీసీజీ టీకాల పని మొదలైంది కూడా మదనపల్లెలోనే. చిన్న ఊరని అప్పుడెవరూ వెనకాడలేదు.

ఇక చదువు సంగతి. రిజిస్టరైన నర్సులకు భారత నర్సింగ్ కౌన్సిల్ వారి ఆంకాలజీ నర్సింగ్ పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. ఏడాది కోర్సు, వార్డులో పనిచేస్తూ నేర్చుకోవాలి. అది పెద్దల క్యాన్సర్‌నూ కలిపి చెప్పే చదువు కాబట్టి, చేరేముందు ఒక ఏడాది పిల్లల వార్డులో పనిచెయ్యి. చిన్న చేతిలో నరం దొరకబుచ్చుకోవడం పుస్తకం నేర్పదు. కోర్సయ్యాక వెల్లూరులో ఉంటావో తిరుపతిలో ఉంటావో నీ ఇష్టం. కాని సెలవుకొచ్చినప్పుడల్లా పుంగనూరు, మదనపల్లె ఆసుపత్రుల నర్సులను కూర్చోబెట్టి ఆ జ్వరం సంగతి మాత్రం చెప్పిపో.

మీ పెద్దమ్మ