తునికాకు కల్లంలో నేర్చుకున్నవి

మేడారం చుట్టూ ఉన్న అడవిలో ముప్పై ఎనిమిది ఎండాకాలాలు తునికాకు తెంపాను. మోకాళ్లు మొరాయించి మూడేళ్ల కింద మానేశాను. ఈ ఏడు మా మనవరాలు మొదటిసారి ఆకుకు పోతానంటోంది. దానికీ, దాని ఈడు పిల్లలకూ చెప్పాల్సినవి చెప్పి రాయిస్తున్నాను.

1. ధర మాటలు మొదటి ఆకు తెంపకముందే కావాలి.

ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదల కొమ్మ కొడతాం. నలభై రోజులు దాటేసరికి లేతాకు వస్తుంది. ఏప్రిల్‌లో మొదలైన పని మే నెలతో సరి. ఆ తర్వాత ఆకు ముదురుతుంది, బీడీకి పనికిరాదు. నడుమ రాళ్లవాన పడితే ఆకంతా చిల్లులే. వేలంలో మా వైపు ఆకు యూనిట్ పాడుకున్న కాంట్రాక్టరు ఆ కొద్ది రోజుల్లోనే సరుకు ఎత్తుకోవాలి. మన బలమంతా ఆ తొందరలోనే ఉందని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఒక ఏడు వారం రోజులు తెంపి, ఆకు కొని ఆరబెట్టే కల్లంలో అది ఎండుతుండగా ధర పెంచమని అడిగాం. 'పోయినేటి ధరే, ఇష్టముంటే తెండి' అన్నాడు కాంట్రాక్టరు. ఎండిన ఆకును ఇంటికి మోసుకుపోయి ఏం చేసుకుంటాం? మరుసటేడు కొమ్మ కొట్టుడు నాడే ఊరంతా ఇప్పచెట్టు కింద కూచున్నాం. పక్క రెండు ఊళ్ల వాళ్లను కూడా పిలిచాం. వాళ్లు రాకపోతే ఆయన బండి అటు తిప్పుకుంటాడు, మనం ఖాళీ చేతులతో మిగులుతాం. నాలుగు రోజులు ఎవరమూ అడవికి పోలేదు. ఆ నాలుగు రోజులూ ఇంట్లో గింజలు లేనివాళ్లకు ఉన్నవాళ్లు సోలెడు సోలెడు పెట్టారు. ఐదో రోజు ధర పెరిగింది. ఆ గింజలే లేకుంటే మేము మూడో రోజే విడిపోయేవాళ్లం. సమ్మె అనుకున్నప్పుడు ముందుగా ఎవరింట్లో పొయ్యి వెలగదో చూడండి.

సర్కారు ప్రకటించేది కింది మెట్టు. అంతకు తక్కువ ఇవ్వొద్దని దాని అర్థం, ఎక్కువ అడగొద్దని కాదు.

2. కట్ట అంటే యాభై ఆకులు. యాభై మాత్రమే.

నేను పోయిన ఒక కల్లంలో నూటికి ఐదు కట్టలు కొసరు పెట్టించుకునేవాళ్లు. చిన్నాకు వచ్చిందని, చిల్లు ఉందని ఇంకో రెండు మూడు పక్కకు తోసేవాళ్లు. తోసిన కట్టలు సాయంత్రం అదే కల్లంలో ఆరేసి ఉండేవి. రోజుకు నూరు కట్టలు వేసేవాళ్లకు పోయే ఐదు కట్టలంటే రెండు వందల యాభై ఆకులు, నెల రోజులకు ఏడున్నర వేలు. మా అక్క ఒక్కతే ఒకనాడు గట్టిగా అడిగింది: 'తీసేసిన కట్ట నాకియ్యి, నేను తీసుకపోత.' కల్లం నడిపే కల్లేదారు దగ్గర జవాబు లేదు. మర్నాటి నుంచి ఆడవాళ్లందరం అదే మాట అన్నాం. ఆకు లెక్క రాసే కార్డులో అంకె ఆ పూటే, మీ కళ్ల ముందే రాయించుకోండి. రేపు రాస్తానంటే కల్లం దాటి రావద్దు.

3. ఒంటిని కూడా లెక్కలో వేసుకోండి.

కొమ్మ కొట్టిన పొద మోకాలెత్తు ఉంటుంది. అంటే తెల్లారుజామున నాలుగింటి నుంచి వంగిన నడుము వంగినట్టే. పొద్దెక్కేసరికి మూట నెత్తికెత్తుకుని మూడు నాలుగు మైళ్లు నడిచి ఇంటికి రావాలి, నీడన కూచుని ఆకు పేర్చి నారతో కట్టాలి, సాయంత్రం కల్లానికి మోయాలి. బయట నలభై నాలుగు డిగ్రీల ఎండ.

కొన్నేళ్ల కింద సర్కారు కట్ట ధరను 2 రూపాయల 5 పైసల నుంచి 3 రూపాయలకు పెంచింది. ఆ లెక్కన ఆకుకు ఆరు పైసలు. మూడు వందల రూపాయలకు ఐదు వేల ఆకులు తెంపాలి. నడక, మోత, కట్టే పని, ఇంట్లో ముసలమ్మ చేసిన సాయం, ఇవన్నీ ఆ ఆరు పైసల్లోనే. ధర అడగబోయే ముందు ఈ గంటలన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి అడగండి. మేము ఎప్పుడూ ఆకుకే ధర అడిగాం, నడుముకు అడగలేదు.

ఒంటరిగా పోవద్దు. ఎలుగు పొదలోనే పడుకుంటుంది, మనిషిని దగ్గరగా చూస్తే పారిపోదు, మీద పడుతుంది. నలుగురు మాట్లాడుకుంటూ నడిస్తే అదే తప్పుకుంటుంది.

4. కార్డు మీద మీ పేరుండాలి, బ్యాంకు ఖాతా కూడా మీదే కావాలి. ఖర్చులు పోను మిగిలిన ఆదాయాన్ని సర్కారు బోనస్‌గా పంచేది కార్డును బట్టే. నేను తెంపిన ఆకు పదేళ్లు ఇంటాయన పేరు మీద పోయింది.

5. మేడారం జాతర పనిలో కూడా కూలి ఎంతో ముందే అడగండి. రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షల జనం వచ్చిపోయాక జంపన్నవాగు ఒడ్డున చెత్త ఎత్తడానికి బయటి జిల్లాల కూలీలు వస్తారు. 'రోజుకెంత బిడ్డా?' అని ఒకామెను అడిగాను. 'మేస్త్రికి తెలుసు' అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

6. మీరు కూలీలే.

బీడీ చుట్టే ఆడవాళ్లకు 1966లోనే చట్టం వచ్చింది. నిజామాబాద్, సిరిసిల్ల వైపు పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులున్నారు. ఆ సౌకర్యాలు వాళ్లు కొట్లాడి తెచ్చుకున్నారు. అదే బీడీకి ఆకు తెచ్చే మనల్ని ఎవరూ కార్మికులనరు. సేకరించేవాళ్లు అంటారు. ఆ ఒక్క మాట తేడాతో పీఎఫ్ లేదు, మోకాళ్లు పోయాక పింఛను లేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

7. అడవి మీద హక్కు కాగితం మీద ఉంది, చదవండి.

1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం గ్రామసభలదీ, అడవి మీద బతికేవాళ్లదీ అని చెప్పాయి. రెండో దాంట్లో తునికాకు పేరు పెట్టి మరీ రాశారు. ప్రాణహిత అవతల గడ్చిరోలిలో కొన్ని గ్రామసభలు ఆకును తామే వేలం వేసి అమ్ముకుంటున్నాయి. మా కాలంలో ధర పెరిగిందంటే, మేం అన్నలనే నక్సలైట్లు కాంట్రాక్టరుకు చెప్పడం వల్ల కూడా పెరిగింది. ఆ మాట దాచను. ఆ తర్వాత పోలీసులు వచ్చి అడిగేవాళ్లు, రెండు తుపాకుల నడుమ అన్నం తిన్నాం. మీకు ఆ అవసరం లేదు. గ్రామసభలో తీర్మానం రాసి, అందరితో సంతకాలు పెట్టించండి. నాకు వేలిముద్రే వచ్చు, మీకు చదువొచ్చు.

8. చిన్నపిల్లలను మూటలు మోయనివ్వద్దు. నాకు పదో ఏట వంగిన మెడ మళ్లీ నిలబడలేదు.

మా మనవరాలికి పాత చీర చించి మూటగుడ్డ కుట్టాను. ఆదివారం ఇప్పచెట్టు కింద కూచుంటారట. ధర సంగతి తానే రాసుకొస్తానంది. నోటుపుస్తకం కొనిపెట్టాను.