కారు గాలిగొట్టాల్లో ఎలుకలు: అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లకు

చిలకలూరిపేట, ప్రత్తిపాడు, పర్చూరు వైపు నుంచి వచ్చినవాళ్లకు ఎలుక కొత్త కాదు. అయినా అది కారులో కాపురం పెడుతుందంటే మొదటి చలికాలం దాకా ఎవరూ నమ్మరు. హీటర్ వేయగానే ఉచ్చ కంపు కొట్టినా, ఫ్యాన్ గరగరమన్నా, గాలి సగమే వస్తున్నా ముందు అనుమానించాల్సింది దాన్నే.

ఎలుక వచ్చే దారి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరుండే నల్ల ప్లాస్టిక్ జాలీలోంచి. కారులోకి బయటి గాలి వచ్చేదీ అక్కడి నుంచే. పెన్సిలు దూరేంత సందు చాలు, చిట్టెలుక లోపలికి వస్తుంది. లోపల, చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనక, కేబిన్ ఫిల్టర్ ఉంటుంది. ఆ మెత్తటి పీచును కొరికి గూడు పరుచుకుంటుంది.

అసలు దాన్ని పిలిచేది మనమే. మన ఇళ్లలో సోనామసూరి బస్తాలు, కందిపప్పు, ఊరి నుంచి తెచ్చిన ఎండుమిర్చి అన్నీ గరాజ్‌లోనే ఉంటాయి. పక్కనే వెచ్చటి ఇంజన్. తిండీ పడకా ఒకేచోట కుదిరాక అది ఎందుకు పోతుంది? అందుకే కారు కంటే ముందు బియ్యం సంగతి చూడండి: గట్టి మూత ఉన్న రేకు డబ్బాల్లో పోసి, వీలైతే ఇంట్లోకి మార్చండి. సీట్ల కింద పిల్లలు రాల్చిన జంతికల ముక్కలు కూడా ఊడ్చేయాలి.

తర్వాత జాలీ. పావు అంగుళం కన్ను దాటని స్టీలు వలను గాలి వచ్చే ఆ దారికి మెకానిక్‌తో బిగించుకోండి. గాలికీ, వాననీళ్లు పోయే దారికీ అడ్డం రాకూడదు. కారు ఆపేముందు లోపలి గాలే తిరిగే బటన్ నొక్కితే చాలా కార్లలో బయటి గాలి తలుపు మూసుకుంటుంది. కొన్నింటిలో ఆపగానే అదే తెరుచుకుంటుంది కాబట్టి ఒక్క దాన్నే నమ్ముకోవద్దు. సంక్రాంతికి ఊరెళ్లి నెల రోజులు కారు కదలకుండా వదిలేస్తే ఎలుకకు అంతకంటే మంచి అదను లేదు. తాళం చెవి స్నేహితుడికిచ్చి అప్పుడప్పుడూ తిప్పమనండి. గరాజ్ గోడ వెంట వేరుశనగ వెన్న రాసిన బోనులు పెట్టండి. మందు మాత్రం వద్దు. తిన్న ఎలుక గొట్టంలోనే చస్తే ఆ కంపు వారాల తరబడి వదలదు. దాన్ని తిన్న పిల్లికీ గుడ్లగూబకీ ముప్పే.

గుంటూరు వాళ్లం గనక కారం చల్లుదామనిపిస్తుంది. ఆలోచనలో తప్పు లేదు. మిరపకాయలోని కాప్సైసిన్ మంటను గుర్తించే నాడీ గ్రాహకాన్ని 1997లో శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం కనుగొంది. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఎలుకకూ మనకూ ఆ మంట తెలుస్తుంది, పక్షులకు తెలియదు. హోండా అయితే వైర్లకు చుట్టడానికి కాప్సైసిన్ పూసిన టేపే అమ్ముతుంది. కానీ టేపు వైరును అంటుకుని ఉంటుంది, పొడి ఉండదు. గాలిదారిలో చల్లిన కారం ఫ్యాన్ వేయగానే వెనక సీట్లో పిల్లల కళ్లలో పడుతుంది. మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పేచోట నిలబడ్డవాళ్లకు ఆ ఘాటు సంగతి చెప్పక్కర్లేదు.

కారులో ఎలుక పెంటికలు కనిపిస్తే ఫ్యాన్ వేయకండి, చీపురుతో ఊడ్చకండి, వ్యాక్యూమ్ పెట్టకండి. 1993లో న్యూ మెక్సికో, ఆరిజోనా, కొలరాడో, యూటా కలిసే ప్రాంతంలో మనుషుల ప్రాణాలు తీసిన హంటావైరస్, జింక ఎలుకల మలమూత్రాల దుమ్ము పీల్చడం వల్ల సోకిందే. మీ కారులోది ఏ ఎలుకో మీకు తెలియదు. తలుపులు తీసి కాసేపు గాలాడనివ్వండి. చేతొడుగులు, ఎన్95 మాస్కు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వాటిని తడిపి, 5 నిమిషాలాగి కాగితంతో తుడవండి. గూడు బ్లోయర్ లోపలికి పోయి ఉంటే ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.

పాత కారు కొనే విద్యార్థులు డబ్బు చేతికిచ్చే ముందు గ్లవ్ బాక్స్ తీయించి ఫిల్టర్ బయటికి లాగించి చూడాలి. ఇన్సూరెన్స్‌లో ఎలుకలు చేసిన నష్టం మామూలుగా కాంప్రిహెన్సివ్ కిందికి వస్తుంది, అందులోనూ డిడక్టిబుల్ మీరే కట్టుకోవాలి. చవకని లయబిలిటీ ఒక్కటే తీసుకున్నవాళ్లకు అది వర్తించదు. పాలసీ తీసుకునేటప్పుడే ఎలుకల నష్టం అందులోకి వస్తుందా అని ఏజెంటును అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.