పడతానని కూర్చోకండి

పార్కిన్సన్స్ అనగానే వణికే చెయ్యే అందరి కంటా పడుతుంది. మనిషిని కుర్చీకి కట్టేసేది మాత్రం పడిపోతానన్న భయం. పెద్దాయన బాత్రూములో ఒక్కసారి తూలితే చాలు, మర్నాటి నుంచి ఇంట్లో ఒకటే మాట: "మీరు లేవకండి నాన్నగారూ, అన్నీ మేం అందిస్తాం." ప్రేమే, కాదనను. కానీ కూర్చున్నకొద్దీ కాళ్లలో సత్తువ పోతుంది. అప్పుడు లేస్తే నిజంగానే పడతారు.

లేవండి. అయితే పద్ధతిగా లేవండి. అందుకు పనికొచ్చేది తాయిచీ. చైనాలో యుద్ధవిద్యగా పెరిగిన సాధన ఇది. మోకాళ్లు కాస్త వంచి, ఒంటి బరువును ఒక కాలి మీంచి రెండో కాలి మీదకు మెల్లగా మార్చాలి. ఒక పాదం పూర్తిగా ఆనాకే రెండోది ఎత్తాలి. పార్కిన్సన్స్‌లో మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గి నడక దానంతటది సాగదు. తాయిచీలో ప్రతి అడుగూ మనసు పెట్టి వేయడమే పాఠం.

అమెరికాలోని ఆరెగాన్‌లో ఫూజోంగ్ లీ బృందం 195 మంది రోగులను మూడు జట్లు చేసింది. 24 వారాలు, వారానికి రెండుసార్లు, గంటేసి సాధన. ఒక జట్టుకు తాయిచీ, ఒకదానికి బరువులతో వ్యాయామం, మూడోదానికి ఒళ్లు సాగదీయడం. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. తూలకుండా అన్ని వైపులకూ ఒరగడంలో తాయిచీ జట్టుదే పైచేయి. పడిపోవడం సాగదీసిన జట్టుకన్నా బాగా తగ్గింది; బరువుల జట్టుతో పోల్చితే చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి ఇదొక్కటే మార్గమని ఎవరైనా డబ్బు అడిగితే దండం పెట్టి పంపేయండి. సాధన ఆపిన మూడు నెలలకూ లాభం నిలిచిందట, నన్ను ఆకట్టుకున్నది అదీ. అయితే దీంతో జబ్బు నయం కాదు, మాత్రలు మానకూడదు.

మెట్టకూరు లాంటి ఊళ్లో ఉంటూ తాయిచీ గురువు కోసం ఎదురుచూడక్కర్లేదు. డాక్టరును అడిగి, యానాంలోనో కాకినాడలోనో ఫిజియోథెరపిస్టు దగ్గర బరువు మార్చే కదలికలు నేర్చుకోండి. మాత్ర బాగా పనిచేస్తున్న వేళ, గోడ పక్కన, తడిలేని గచ్చు మీద, ఇంకొకరు తోడుండగా మొదలుపెట్టండి. ప్లాస్టిక్ కుర్చీని ఆసరా అనుకోవద్దు, అది మీకన్నా ముందే పడుతుంది. లేవగానే కళ్లు తిరిగేవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ధైర్యం వచ్చాక నలుగురూ కలిసి గోదావరి గట్టుకు వెళ్లండి.

ఇంట్లోవాళ్లకూ ఓ మాట. గడప దగ్గర పెద్దాయన కాళ్లు నేలకు అతుక్కుపోతే చెయ్యి పట్టి లాగకండి, "తొందరగా రండి" అని అరవకండి. ఆగనివ్వండి. బరువు పక్కకు మార్చి, ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకుంటూ పెద్ద అడుగు వేయమనండి. నడిచేటప్పుడు చేతిలో సంచి పెట్టకండి, కబుర్లలోకి దింపకండి. అరుగు మీద కూర్చున్నాక ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు.